'మెరుగు' చాలదన్న స్త్రీలు

ఇంగ్లీషు నిఘంటువుల్లో పర్యాయపదాలుగా పక్కపక్కనే కూర్చునే మాటలు కొన్ని చరిత్రలో మాత్రం ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకున్నాయి. ఇంప్రూవ్, అమీలియరేట్, మిటిగేట్, రిఫార్మ్. తెలుగులోకి వచ్చేసరికి వీటిలో చాలావాటికి మనం 'మెరుగుపరచడం' అనో, 'బాగుచెయ్యడం' అనో రాసేసి ముందుకెళ్లిపోతాం. సాహిత్య పరిశోధనలో భాగంగా పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు స్త్రీల కరపత్రాలు చదువుతున్నప్పుడు నాకొక విషయం స్పష్టమైంది. ఆ స్త్రీలకి ఓటు లేదు. పార్లమెంటులో చోటు లేదు. తాము డబ్బు పోగుచేసి ఇచ్చే సంఘంలో కమిటీ సభ్యత్వం కూడా లేదు. వాళ్లకి అందుబాటులో ఉన్నదల్లా చందా, చక్కెర, మాట. ఆ మూడింటితోనే వాళ్లొక పోరాటం చేశారు. అందులో కీలకమైన ఘట్టం ఒక సంఘం పేరులోని ఒక్క మాట మీద నడిచింది. ఆ ఘట్టానికి మన దేశంతో ఉన్న సంబంధం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఈ మాటల పుట్టుక చూద్దాం. 'ఇంప్రూవ్' అనే క్రియకి మూలం పాత ఫ్రెంచిలో లాభం అనే అర్థమున్న మాట. అంటే మొదట్లో ఇంప్రూవ్ చెయ్యడమంటే దేన్నయినా లాభసాటిగా మార్చుకోవడమే. రేమండ్ విలియమ్స్ 1976లో వచ్చిన 'కీవర్డ్స్' అనే పుస్తకంలో ఈ మాట చరిత్రని వివరంగా చెప్పాడు. ఊరుమ్మడి భూమికీ, బంజరుకీ కంచె వేసి సొంత సాగుకి తెచ్చుకోవడాన్ని ఇంగ్లండులో ఇంప్రూవ్‌మెంట్ అనేవారు. 1604 నుంచి 1914 వరకు ఇలా కంచెలు వెయ్యడానికి అక్కడి పార్లమెంటు 5,200కి పైగా చట్టాలు చేసింది. 68 లక్షల ఎకరాలు కంచెల్లోకి వెళ్లాయి. ఆ భూమి మీద అంతకుముందు ఆవుని మేపుకున్నదీ, పుల్లలు ఏరుకున్నదీ ఎక్కువగా పేదింటి ఆడవాళ్లూ పిల్లలూ. ఉమ్మడి భూమి పోవడంతో స్త్రీలకి కూలీ మీదా, మగవాడి సంపాదన మీదా ఆధారపడక తప్పలేదని జేన్ హంఫ్రీస్ 1990లో రాసిన వ్యాసంలో చూపించింది. భూమి మెరుగుపడింది, నిజమే. ఎవరి లెక్కలో అన్నదే ప్రశ్న.

ఈ మాట మన దాకా కూడా వచ్చింది. 1793లో బెంగాల్లో కార్న్‌వాలిస్ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టినప్పుడు జమీందారు ఇంగ్లీషు భూస్వామిలాగా భూమిని ఇంప్రూవ్ చేస్తాడని ఆశ పడ్డాడు. 1802 నుంచి అదే పద్ధతి ఉత్తర సర్కారు జిల్లాలకీ వచ్చింది. ఆ తర్వాత రైతు బతుకేమయిందో తెలుగు పాఠకులకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

'అమీలియరేట్' అనే మాట దారి వేరు. లాటిన్‌లో 'మరింత మంచి' అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషులో స్థిరపడింది. ఇంప్రూవ్ కంటే పెద్దమనిషి తరహా ఉన్న మాట. కష్టంలో ఉన్నవాళ్ల 'పరిస్థితి' అనే మాట దీని పక్కన తరచూ కనిపిస్తుంది. 'మిటిగేట్' అంటే తీవ్రత తగ్గించడం, నొప్పిని మెత్తబరచడం. ఈ రెండు మాటలూ కరీబియన్ దీవుల చెరుకుతోటల చట్టాల్లోకి ఎలా వెళ్లాయో చూస్తే వాటి రాజకీయం బయటపడుతుంది.

బ్రిటన్‌లో బానిస వ్యాపారాన్ని ఆపాలనే ఉద్యమం బలపడుతున్నకొద్దీ తోటల యజమానులకి ఒక భయం పట్టుకుంది. రేపు ఆఫ్రికా నుంచి ఓడలు రాకపోతే పనికి మనుషులెక్కడ? అప్పటికే ఉన్న బానిస స్త్రీలు కనాలి. ఆ వ్యవస్థలో తల్లి బానిసయితే బిడ్డ కూడా పుట్టుకతో బానిసే, తండ్రి ఎవరైనా సరే. 1798లో లీవర్డ్ దీవుల శాసనసభ అమీలియరేషన్ పేరుతో ఒక చట్టం చేసింది. తిండి, బట్ట, వైద్యంతోపాటు గర్భిణులకి తేలిక పని ఇవ్వాలని కూడా అందులో రాశారు. బిడ్డని మోసే ఆడమనిషికి కొంత విశ్రాంతి దొరికితే మంచిదే కదా అనిపిస్తుంది. కాని ఆ మేలు ఎవరి లెక్కలో జమ అయిందో చూడాలి. పుట్టబోయే బిడ్డ యజమాని ఆస్తి. భూమిని లాభసాటి చేసినట్టే గర్భాన్ని కూడా లాభసాటి చెయ్యడమే అక్కడ జరిగిన మెరుగు.

1807లో బానిస వ్యాపారం రద్దయింది గాని బానిసత్వం అలాగే ఉంది. 1823లో లండన్‌లో విల్బర్‌ఫోర్స్, క్లార్క్‌సన్, బక్స్‌టన్ వంటి పెద్దలు కలిసి ఒక సంఘం పెట్టారు. బ్రిటిష్ రాజ్యాల్లో బానిసత్వాన్ని 'మిటిగేట్' చేసి 'గ్రాడ్యువల్'గా, అంటే క్రమక్రమంగా, రద్దుచేసే సంఘమని దాని పేరు. అదే ఏడాది మే 15న బక్స్‌టన్ పార్లమెంటులో క్రమంగా రద్దుచెయ్యాలనే తీర్మానం పెట్టాడు. మంత్రి కానింగ్ దాన్ని పక్కకి నెట్టి, బానిసల పరిస్థితిని మెరుగుపరచాలనే మాటలతో ఇంకో తీర్మానం నెగ్గించాడు. ఎవరికీ ఇబ్బంది లేని మాట కాబట్టి సభ మొత్తం ఒప్పుకుంది.

ఆ తీర్మానం ప్రకారం వలసలకి వెళ్లిన సూచనల్లో ఒకటి ఆడవాళ్లని కొరడాతో కొట్టడం మానాలని. అంత చిన్న సంగతికే తోటల యజమానులు మండిపడ్డారు. జమైకా శాసనసభ ఆ సూచనని తోసిపుచ్చింది. ఆడదాన్ని కొట్టే హక్కు పోతే తమ అధికారమే కదిలిపోతుందని వాళ్లకి బాగా తెలుసు. ఇటు డెమెరారాలో, రాజుగారు తమకి స్వేచ్ఛ ఇచ్చేశారని, యజమానులే దాన్ని దాచిపెట్టారని బానిసలు నమ్మి 1823 ఆగస్టులో తిరగబడ్డారు. దాన్ని అతి క్రూరంగా అణిచేశారు. లండన్‌లో 'మెరుగు' అన్న మాట డెమెరారా చేరేసరికి 'స్వేచ్ఛ'గా వినిపించింది. వాళ్లకి కావలసింది అదే కాబట్టి అలా వినిపించింది.

ఇదంతా చూస్తున్న ఒక స్త్రీ లెస్టర్ పట్టణంలో ఉంది. పేరు ఎలిజబెత్ హేరిక్. 1769లో పుట్టింది. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త చనిపోయాడు. ఆ తర్వాత క్వేకర్ మతశాఖలో చేరింది. 1824లో తన పేరు లేకుండా ఒక కరపత్రం అచ్చువేసింది. దాని పేరులోనే వాదమంతా ఉంది: 'ఇమ్మీడియట్, నాట్ గ్రాడ్యువల్ అబాలిషన్'. వెంటనే రద్దు, క్రమంగా కాదు. ఆమె చెప్పినదాన్ని నా మాటల్లో చెప్తాను. బానిసని ఉంచుకోవడం దొంగతనమైతే, ఆ దొంగసొత్తుని కొనుక్కునేవాళ్లకీ అందులో భాగముంది. దొంగతనాన్ని కొంచెం కొంచెంగా మానెయ్యమని ఎవరూ సలహా ఇవ్వరు. క్రమంగా అనే మాట విన్నవాళ్లకి ఏదో జరుగుతోందన్న తృప్తినిస్తుంది, ఆ తృప్తిలో జనం నిద్రపోతారు. యజమానులు మాత్రం నిద్రపోరు.

ఆమె మాటతో ఆగలేదు. లెస్టర్‌లో ఇతర స్త్రీలతో కలిసి వెస్టిండీస్ చక్కెర వాడొద్దని ప్రచారం చేసింది. ఇంటికి ఏం కొనాలో తేల్చేది ఆడవాళ్లు కాబట్టి వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అదే. 1825లో వెస్ట్ బ్రామిచ్‌లోని లూసీ టౌన్‌సెండ్ ఇంట్లో స్త్రీల సంఘమొకటి మొదలైంది. దీన్నే తర్వాత బర్మింగ్‌హామ్ మహిళా సంఘంగా పిలిచారు. దాన్ని చూసి దేశమంతా డజన్ల కొద్దీ సంఘాలు పుట్టుకొచ్చాయి. స్త్రీలు ఇలా గడపగడపకీ తిరిగి జనాన్ని కదిలించడం స్త్రీ స్వభావానికి తగదని విల్బర్‌ఫోర్స్ నొచ్చుకున్నాడు. బానిసలకి దయ చూపించాలన్న మనిషే ఆడవాళ్ల విషయంలో గీత గీశాడు. మెరుగుపరిచేవాడికి ఎప్పుడూ ఒక ఎత్తు ఉంటుంది. అక్కడి నుంచి కిందికి చూసి ఎవరెంత వరకు లేవొచ్చో తనే చెప్తాడు.

అసలు ఘట్టం 1830 ఏప్రిల్‌లో జరిగింది. బర్మింగ్‌హామ్ మహిళా సంఘం ఏటా లండన్ సంఘానికి 50 పౌన్ల చందా పంపేది. ఆ ఏడు ఒక షరతు పెట్టింది. మీ సంఘం పేరులోంచి 'గ్రాడ్యువల్' అన్న మాట తీసేస్తేనే చందా పంపుతామని తీర్మానించింది. మే నెలలో లండన్ సంఘం ఆ మాట వదులుకుంది. స్త్రీల షరతు ఒక్కటే కారణం కాకపోవచ్చు, లోపల యువకుల ఒత్తిడి కూడా ఉంది. కాని కమిటీలో కుర్చీ లేని ఆడవాళ్లు ఒక విశేషణానికి వెల కట్టి, అది పోతేనే డబ్బు అన్నారు. క్లేర్ మిడ్జ్‌లీ 1992లో 'విమెన్ అగైన్‌స్ట్ స్లేవరీ' రాసేవరకు ఈ సంఘాల కథ చాలామంది చరిత్రకారులకి పట్టలేదు.

ఇక్కడ మనం ఇంకో వైపు కూడా చూడాలి. ఆ మహిళా సంఘాల బొమ్మల్లో నల్లజాతి స్త్రీ ఎప్పుడూ సంకెళ్లతో మోకాళ్ల మీద కూర్చుని, నేను నీ చెల్లెల్ని కానా అని అడుగుతూ ఉంటుంది. నిలబడి ఉన్న బొమ్మ అరుదు. 1831లో మేరీ ప్రిన్స్ ఆత్మకథ వచ్చింది. బెర్ముడాలో బానిసగా పుట్టి, ఉప్పు మడుల్లో పనిచేసి, యజమానులతో లండన్ వచ్చి, 1828లో వాళ్ల ఇల్లు వదిలి బయటికి నడిచిన స్త్రీ ఆమె. ఆమె చెప్తుంటే సుసానా స్ట్రిక్లండ్ రాసింది, థామస్ ప్రింగిల్ సంపాదకత్వం చేశాడు. అనవసరమైన మాటలూ వ్యాకరణ దోషాలూ తీసేశామని ముందుమాటలో ఆయనే చెప్పాడు. ఆమె మాటని కూడా మెరుగుపరిచారన్నమాట. అయినా ఆ పుస్తకంలో హెట్టి అనే తోటి బానిస కథని ఎవరూ మెత్తబరచలేకపోయారు. హెట్టి గర్భవతి. యజమాని ఆమెని కట్టేసి ఒళ్లంతా రక్తమయ్యేలా కొట్టాడు. బిడ్డ చచ్చి పుట్టింది, కొన్నాళ్లకి హెట్టి కూడా పోయింది. గర్భిణులకి తేలిక పని అన్న మెరుగుకి పక్కన ఈ కథని పెట్టి చదవాలి. బానిసలు సుఖంగానే ఉన్నారు, స్వేచ్ఛ కోరుకోవడం లేదు అనేవాళ్లకి మేరీ ప్రిన్స్ నేరుగా జవాబిచ్చింది. అందరికీ స్వేచ్ఛే కావాలంది.

ఆ ఏడాది చివర్లో జమైకాలో వేలాదిమంది బానిసలు తిరగబడ్డారు. వందల మందిని ప్రభుత్వం చంపింది. ఆ తిరుగుబాటు తర్వాత మెరుగు గురించి మాట్లాడే ధైర్యం లండన్‌లో చాలామందికి పోయింది. 1833లో లక్షా 87 వేలమంది స్త్రీలు సంతకాలు చేసిన అర్జీ పార్లమెంటుకి చేరింది. ఆగస్టు 28న బానిసత్వ రద్దు చట్టానికి రాజు ఆమోదం దొరికింది. హేరిక్ దాన్ని చూడలేదు, 1831లోనే చనిపోయింది.

రద్దు అన్న మాట గెలిచింది గాని చట్టం లోపల ఇంకో మెరుగు మాట దాక్కుంది. 'అప్రెంటిస్'. స్వేచ్ఛ ఎలా అనుభవించాలో నేర్చుకోవడానికని విడుదలైనవాళ్లు కొన్నేళ్లు పాత యజమానుల దగ్గరే కూలి లేకుండా పనిచెయ్యాలి. యజమానులకి 2 కోట్ల పౌన్ల పరిహారం, బానిసలకి ఏమీ లేదు. స్త్రీలని కొరడాతో కొట్టకూడదని చట్టంలో రాశారు. జమైకా శిక్షాగృహాల్లో వాళ్లని తొక్కుడు చక్రం ఎక్కించి అక్కడా కొట్టారు. దాని మీద ఉద్యమం నడిచి 1838లో ఆ పద్ధతి ఆగింది.

ఇప్పుడు మన సంగతి. ఆ రద్దు చట్టం ఈస్టిండియా కంపెనీ రాజ్యానికి వర్తించదని అందులోనే రాశారు. సరిగ్గా అదే రోజు, 1833 ఆగస్టు 28నే, కంపెనీ పాలనకి సంబంధించిన చార్టర్ చట్టానికి కూడా ఆమోదం దొరికింది. అందులో 88వ సెక్షన్ గవర్నర్ జనరల్‌కి ఒక పని అప్పగించింది. ఇండియాలో బానిసత్వాన్ని మిటిగేట్ చెయ్యాలి, బానిసల పరిస్థితిని అమీలియరేట్ చెయ్యాలి, వీలూ క్షేమమూ చూసుకుని ఎప్పుడో ఒకప్పుడు దాన్ని అంతం చెయ్యాలి. మొదటిసారి ఆ సెక్షన్ చదివినప్పుడు నేను తేదీని రెండుసార్లు సరిచూసుకున్నాను. బర్మింగ్‌హామ్ స్త్రీలు పోరాడి పక్కకి నెట్టించిన ఆ 'మెల్లగా' అనే ధోరణి మన దేశానికి చట్టమై వచ్చింది.

సెక్షన్ అక్కడితో అయిపోలేదు. ఈ విషయంలో చట్టాలు చేసేటప్పుడు వివాహ ధర్మాలనీ, తండ్రులకీ కుటుంబ పెద్దలకీ ఉన్న హక్కులనీ అధికారాలనీ గమనంలో ఉంచుకోవాలని కూడా రాశారు. ఈ ఒక్క వాక్యం కోసం ఎన్ని స్త్రీవాద చరిత్రలైనా రాయొచ్చు. మన దగ్గర బానిసత్వంలో పెద్ద భాగం ఇంటి లోపలే ఉండేది. కొన్న పిల్ల, పెంచిన పిల్ల, దాసి, ఉంపుడుకత్తె, వీళ్ల మధ్య గీతలు ఎక్కడ పడతాయో చెప్పడం కష్టం. ఇండియాలో బానిసత్వాన్ని స్త్రీల కోణం నుంచి చూసిన ఇంద్రాణీ చటర్జీ 1999లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఇంటి లోపలి చరిత్రనే తవ్వింది. ఆ గీత చూడకుండా ఉండటానికి 'కుటుంబం' అనే మాట పాలకులకి అడ్డుతెరగా పనికొచ్చింది. అందుకే అక్కడ రద్దు, ఇక్కడ మెరుగు.

పదేళ్ల తర్వాత 1843లో అయిదవ చట్టం వచ్చింది. బానిస మీద ఆస్తి హక్కుని ఇకపై కోర్టులు గుర్తించవని చెప్పింది గాని బానిసని ఉంచుకోవడం నేరమని చెప్పలేదు. నేరం కావడానికి 1860 శిక్షాస్మృతి దాకా ఆగాల్సి వచ్చింది. అదీ బ్రిటిష్ ఇండియాలో. నిజాం రాజ్యంలోని తెలంగాణ గడీల్లో దొర కూతురి పెళ్లికి నగలతోపాటు ఆడబాపల్ని కూడా పంపే ఆచారం ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది. 1940ల సాయుధ పోరాటం దెబ్బ కొట్టినవాటిలో అదీ ఒకటి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ పోరాటంలోని స్త్రీలనే మాట్లాడనిచ్చింది.

అటు తోటల్లో బానిసలు తగ్గేసరికి కూలీల కోసం ఓడలు మన తీరానికి వచ్చాయి. కొరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లకి అక్కడ కొరంగివాళ్లనే పేరు స్థిరపడిపోయింది. ఒప్పందం మీద వెళ్లే కూలీ బతుకు బాగుపడుతుందని అప్పుడూ చెప్పారు.

ఈ చదువంతా నాకు ఎందుకు పనికొచ్చిందంటే, కొంతకాలం కిందట ఇళ్లల్లో పనిచేసే స్త్రీల గురించి ఒక స్వచ్ఛంద సంస్థ తయారుచేసిన ఇంగ్లీషు కరపత్రాన్ని నేను తెలుగు చెయ్యాల్సి వచ్చింది. పనివాళ్ల స్థితిగతులు మెరుగుపరచాలని రాసి, వాళ్ల సమావేశంలోనే చదివి వినిపించాను. ఒకావిడ లేచి, "మెరుగంటే ఏంటమ్మా? జీతం పెరుగుద్దా, ఆదివారం సెలవిస్తారా, లేకపోతే కొంచెం మర్యాదగా తిడతారా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ ప్రశ్న ముందు అమీలియరేట్ అన్న మాట చరిత్రంతా నాకు కళ్లకి కట్టింది.

తెలుగులో ఈ మాటలకి సరిగ్గా సరిపోయే మాటలు లేవని మనం అనుకుంటాం గాని, నిజానికి మన మాటలు ఇంకా నిక్కచ్చివి. మెరుగు పెట్టడం కంసాలి పని. నగ అదే, దాని యజమాని అదే, మెరుపు ఒక్కటే కొత్తది. అమీలియరేట్‌కి ఇంతకన్నా నిజాయితీగల అనువాదం దొరకదు. ఉద్ధరించడమంటే పైనుంచి చెయ్యిచ్చి లేపడం. దాని సంగతి మన ఆడవాళ్లకి ఎప్పుడో తెలుసు కాబట్టే "బాగానే ఉద్ధరించావులే" అన్న ఎత్తిపొడుపు పుట్టింది. బాగుచెయ్యడం గడియారానికీ, కుట్టుమిషనుకీ చేసేది. బాగుపడటం మాత్రం మనిషి తనంతట తాను చేసే పని. ఇంగ్లీషులో ఇంప్రూవ్ అనే ఒక్క క్రియ ఈ రెండిటినీ కలిపేసి, చేసేదెవరో చెప్పకుండా తప్పించుకోగలదు. తెలుగు అంత సులభంగా తప్పించుకోనివ్వదు.

అందుకని ఇప్పుడు నేను అనువాదం చేసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. 'పరిస్థితి మెరుగుపరచాలి' అని ఎక్కడ కనిపించినా, ఏం మారుతుంది, ఎవరు మారుస్తారు, ఏది మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తారు అని ఆ రాసినవాళ్లనే అడుగుతాను. జవాబు చెప్పగలిగితే ఆ జవాబునే రాస్తాను: వారానికి ఒక రోజు సెలవు, పండక్కి ఒక నెల జీతం, చెప్పకుండా పనిలోంచి తీసెయ్యకూడదు. చెప్పలేకపోతే 'మెరుగు' అనే ఉంచుతాను. చదివే ఆడవాళ్లు దాని వెల వాళ్లే కడతారు, బర్మింగ్‌హామ్‌లో కట్టినట్టు.